రెండు జడలు

స్వైన్ ఫ్లూ వచ్చిన ఆ వానాకాలంలో పటమటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూకి నేను ఇన్‌చార్జి సిస్టర్ని. పేరు తెరేసమ్మ. నోరు మంచిది కాదని అందరూ అంటారు. ఆ పేరు నేనేమీ ఊరికే తెచ్చుకోలేదు.

మామూలు రోజుల్లో మన ఆసుపత్రుల్లో రోగికి ఒళ్లు తుడవడం, తల దువ్వడం, పక్కకి తిప్పడం ఆయాలో ఇంటివాళ్లో చేస్తారు. నర్సులం మందులు, మెషీన్లు చూసుకుంటాం. ఆ జబ్బు వచ్చాక ఇంటివాళ్లను లోపలికి రానివ్వలేదు. ఆయాలు భయపడి రావడం మానేశారు. మెషీన్లు మాత్రం చక్కగా నడుస్తున్నాయి. పొద్దున ఎలా పడుకోబెట్టామో సాయంత్రానికీ మనిషి అలాగే ఉంటున్నాడు. అది చూసి నాకు ఒళ్లు మండిపోయేది.

జుబియా అప్పుడే వచ్చింది. వన్ టౌన్ అమ్మాయి, స్కూల్లో లెక్కల టీచరు. ఊపిరి అందక గొంతులో గొట్టం వేసి, మత్తులో ఉంచాం. నడుం దాటిన జుట్టు. వాళ్లమ్మ ఖుర్షీదా తలుపు దగ్గర నన్ను ఆపి ఒక చెక్క దువ్వెన, కొబ్బరినూనె సీసా నా చేతిలో పెట్టింది.

"సిస్టరమ్మా, బతికించడం అల్లా దయ, మీ దయ. నన్ను మాత్రం రోజుకోసారి లోపలికి పంపండి. ఒళ్లు తుడిచి, తల దువ్వి వచ్చేస్తా. ఒళ్లు జిడ్డుగా ఉంటే మా పిల్ల ఓర్చుకోలేదు."

"మిమ్మల్ని పంపడం కుదరదమ్మా. మీరు చేసే పని మేం చేస్తాం," అన్నాను.

మాటైతే ఇచ్చేశాను. లోపలికెళ్లి చెబితే నర్సు ఏంజెల్ ముఖం మాడ్చుకుంది. ఉయ్యూరు పిల్ల, చురుకైనదే, అప్పటికి ఉద్యోగంలో కొత్త.

"అది ఆయాల పని గదా మేడమ్. ఇంజెక్షన్లకే చేతులు చాలట్లేదు. అంతసేపు దగ్గర నిలబడితే మాకూ అంటుకుంటుంది."

ఆ భయం అబద్ధం కాదు. నాకూ ఉంది. డాక్టరుగారు కూడా, "జుట్టు ఉండలు కట్టేస్తుంది సిస్టర్, కత్తిరించేద్దాం. తీరికెక్కడుంది?" అన్నారు.

"కత్తిరించాల్సొస్తే నేనే కత్తిరిస్తానండి. అందాకా నాకొదిలేయండి," అని ఏంజెల్ వైపు తిరిగాను. "నువ్వు మాస్కు బిగించుకుని భుజం పట్టుకో. ముఖం దగ్గర నేను నిలబడతా."

నోరు శుభ్రం చేశాం. కళ్లు తుడిచాం. పక్కకి తిప్పి గోరువెచ్చటి నీళ్లతో వీపు తుడిచాం. చివరికి నూనె రాసి, పాపిడి తీసి, చెవుల పక్కగా రెండు జడలు వేశాను. వెనక ఒక్క జడ వేస్తే పడుకున్న మనిషి తల దాని మీదే ఆని పుండు పడుతుంది. తలుపు అద్దంలోంచి చూసిన ఖుర్షీదా, చిన్నప్పుడు బడికి పంపినట్టుందని కళ్లు తుడుచుకుంటే ఆవిడకీ ఈ సంగతే చెప్పాను.

కొన్నాళ్లకు ఏంజెల్ పరుగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"పక్క బెడ్ పెద్దాయనకి సీరియస్ అయింది మేడమ్. ఆ గొడవలో జుబియాని తిప్పడం మర్చిపోయా. నడుం కింద ఎర్రగా ఉంది."

వేలితో నొక్కి చూశాను. నొక్కినా ఎరుపు పోలేదు, అంటే లోపల కండ దెబ్బతింటోందన్నమాట. ఆ చర్మం చిట్లిందంటే పుండు, పుండులోంచి చీము, ఆ తర్వాత ఒళ్లంతా విషం. ఊపిరి కోసం పెనుగులాడుతున్న పిల్ల దాన్ని కూడా తట్టుకోలేదు. తిట్టడానికి నోరు తెరిచాను గానీ, ఏంజెల్ అప్పటికే దుప్పటి చుట్ట చుట్టి జుబియా వీపు కింద ఎత్తు పెడుతోంది. నోరు మూసుకుని రెండో వైపు పట్టుకున్నాను.

ఆ రోజు నుంచి ఆ నడుముని పరుపుకి తగలనివ్వలేదు ఏంజెల్. డ్యూటీ దిగేముందు తర్వాతి నర్సుని పిలిచి, చెయ్యి పెట్టి చూడమని చెప్పి, చూసేదాకా కదిలేది కాదు. ఒకసారి డాక్టరుగారు గొట్టం చూడబోతే, "ఆగండి సార్, ముందు నోరు శుభ్రం చెయ్యాలి," అంది. ఆయన నవ్వి పక్కకి జరిగారు. నా నోరే ఆ పిల్లకి వచ్చేసింది. నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

ఎరుపు మెల్లగా మాసిపోయింది. గొట్టం తీశాం. జుబియాని వార్డుకి మార్చిన రోజు ఖుర్షీదా మాకు దండం పెట్టలేదు, ఒక్క మంచి మాటైనా అనలేదు. కూతుర్ని మెల్లగా లేపి కూర్చోబెట్టింది. వీపు మీద నుంచి నడుం దాకా చెయ్యి పోనిచ్చింది. మడమలు చూసింది. చెవుల వెనక చూసింది. తర్వాత రెండు జడలూ విప్పి, మేం కడిగిచ్చిన ఆ చెక్క దువ్వెన నడినెత్తిన పెట్టింది. పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ పిల్లల్లా ఏంజెలూ నేనూ ఊపిరి బిగబట్టాం.

దువ్వెన నెత్తి నుంచి కొస దాకా ఎక్కడా చిక్కుకోకుండా దిగింది.

ఖుర్షీదా అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే దువ్వెన ఏంజెల్ చేతికిచ్చి, "నువ్వే వెయ్యమ్మా," అంది. ఏంజెల్ అలవాటుగా నడిమధ్య పాపిడి తీసి జుట్టు రెండుగా విడదీసింది.

ఖుర్షీదా ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒక్కటే వెయ్యి తల్లీ. ఇప్పుడు లేచి కూర్చుంది గదా."