ఆది చొక్కా

దర్జీ చేతులు పైకెత్తి, ఎడమకాలు కాస్త ముందుకు పెట్టి నిలబడ్డాడు. తల మీద జుట్టంతా రాలిపోయింది. ఒంటి మీద ఆసుపత్రివాళ్లు ఇచ్చిన పొట్టి లాగు. దాని వంకర కుట్టు చూసినప్పుడల్లా అతనికి ఒళ్లు మండేది.

“కదలకండి మాస్టారూ. ఇదే ఆఖరుది,” మైకులోంచి టెక్నీషియన్ గొంతు వినిపించింది.

“ముప్ఫై ఏళ్లుగా నేను చెప్పే మాటే చెబుతున్నావు బాబూ,” అన్నాడు దర్జీ.

ఎనిమిదేళ్లపాటు తామర అనుకుని పూయని మందు లేదు. చివరికి చర్మం ముక్క తీసి పరీక్షిస్తే లింఫోమా అని తేలింది. చర్మంలోనే పుట్టే అరుదైన క్యాన్సరట, ఎవరికీ అంటుకోదట. అంటుకోదని ఎవరికని చెప్పుకుంటాడు? ముంజేతుల మీది ఎర్రటి బిళ్లలు చూసి, కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు ఒక అడుగు వెనక్కి వేసేవారు. ఆ అడుగు చూడలేక అతనే ముందుగా అనేవాడు, “కొలతలెందుకండీ, ఆది చొక్కా ఇచ్చి వెళ్లండి.” ఒంటికి కుదిరిన పాత చొక్కా ఉంటే కొత్తది కుట్టడం పెద్ద పనేం కాదు. అలా రెండేళ్లుగా అతని టేపు మనిషిని తాకలేదు. అయినా రోజూ జేబులో వేసుకునే తిరిగేవాడు.

మాత్రలతో కొంత తగ్గి, అక్కడే ఆగిపోయింది. అప్పుడు డాక్టరమ్మ మాత్రలతో పాటు ఒళ్లంతా రేడియేషన్ కూడా ఇవ్వాలంది. గుడ్డ ఒక్కటే నిలవకపోతే లైనింగ్ వేస్తాం కదా, అలాగన్నమాట అనుకున్నాడు దర్జీ.

ఇవాళ ఆఖరి విడత అయ్యాక ఆమె అతని వీపు, ముంజేతులు వేళ్లతో తడిమి చూసింది.

“ఒక్క బిళ్ల కూడా లేదు. మాత్రలు మాత్రం మానకండి. మూడు నెలలకోసారి కనిపించాలి.”

దర్జీకి ప్రాణం లేచొచ్చింది. వరండాలో భార్య ఆ మాట విని భోరున ఏడ్చి, మరుక్షణమే నవ్వింది. “హమ్మయ్య! రోజూ పక్క మీద రాలిన చర్మం పొట్టు దులిపే చాకిరీ తప్పింది నాకు.”

అంతలో టెక్నీషియన్ సంచితో వచ్చాడు.

“నాకో చొక్కా కుట్టాలి మాస్టారూ. మీరు ఆది చొక్కానే అడుగుతారటగా, తెచ్చాను.” పాత చొక్కా తీసి కుర్చీలో పెట్టాడు.

అలవాటుగా దాని మీదికి వెళ్లిన దర్జీ చెయ్యి మధ్యలోనే ఆగింది. అతను తన ముంజేయి వంక చూసుకున్నాడు. జేబులోంచి టేపు తీశాడు.

“నెలన్నర నన్ను నిలబెట్టావుగా. ఇప్పుడు నువ్వు నిలబడు. చేతులెత్తు.”

టెక్నీషియన్ ఒక అడుగు ముందుకు వేసి చేతులెత్తాడు.

మెడ, భుజం, ఛాతీ. దర్జీ చెబుతుంటే భార్య మందులచీటీ వెనక రాసుకుంది. “కదలకు బాబూ,” అని రెండుసార్లు అనవసరంగా అన్నాడు. తర్వాత ఆలుమగలు కబుర్లాడుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయారు.

కుర్చీలో ఆది చొక్కా, మడత విప్పకుండా, అలాగే ఉంది.