రెండంగుళాల సందు

కుట్టుపనిలో నాకు నేనే సాటి అనుకునేదాన్ని. అమెరికాలో అట్లాంటా పక్కనున్న కమ్మింగ్‌లో మా కాలనీలో ఎవరింట్లో ఫంక్షనైనా, ఇండియా నుంచి వచ్చిన బ్లౌజు పట్టకపోతే నా దగ్గరికే పట్టుకొస్తారు. వారమంతా ఆఫీసులో టెస్టింగ్, శని ఆదివారాలు మిషను. అలాంటి నాకు మా అమ్మాయి హంసిక జనవరిలో ఒక పని పెట్టింది. అట్లాంటాలో ఒక డాన్స్ సొసైటీ వాళ్లు ఏటా వసంతంలో బాల్ అని పాతకాలపు దొరల డాన్సు పార్టీ జరుపుతారట, ఈసారి 1870ల నాటి వేషాలట. జిప్పులు పనికిరావు, లోపలి బట్టలతో సహా అంతా ఆనాటి పద్ధతిలోనే ఉండాలి, నువ్వు కుట్టగలవా అని అడిగింది. పదిహేడేళ్ల పిల్ల తల్లిని ఏదైనా అడగడమే గొప్ప. కుట్టకేం అన్నాను.

గౌను సంగతి తర్వాత, ముందు దాని కింద నడుము బిగించడానికి తొడిగే కార్సెట్ కుట్టాలి. మందపాటి గుడ్డలో సన్నటి స్టీలు బద్దలు దూర్చి, ముందు కొక్కేలు, వెనక తాడు. తాడు బిగించాక వెనక రెండంచుల మధ్య రెండంగుళాల సందు మిగలాలి. నేను చూసిన వీడియోలన్నిటిలోనూ అదే చెప్పారు. సందు ఉంటేనే ఒంటికి సరిపోయినట్టు. అప్పుడు హంసిక నడుము ఇరవై తొమ్మిది అంగుళాలు. దాని ప్రకారమే కత్తిరించి కుట్టి, ఒకసారి వేసి చూసి, సరిగ్గా కుదిరిందని మురిసి పక్కన పెట్టాను.

అంతకు ముందు జరిగింది కూడా చెప్పాలి, చెప్పకపోతే నేను మంచిదాన్నయిపోతాను. దీపావళి పార్టీలో హంసిక లంగావోణీ బ్లౌజు హుక్కు ఊడింది. మూడిళ్ల అవతల ఉండే నా స్నేహితురాలు పద్మజ పిన్నీసు పెడుతూ, పిల్ల కాస్త బొద్దుగా అయిందే అంది. అందులో తప్పేముంది, మన ఆడవాళ్ల పలకరింపే అది. చిక్కావనో, ఒళ్లు చేశావనో అననిదే ఒకరి గుమ్మం ఒకరం దాటం. నేనూ నవ్వాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. కార్లో ఇంటికొస్తూ, ఓ పది పౌండ్లు తగ్గితే ఎంత బాగుంటావో అన్నాను.

ఫిబ్రవరిలో గౌను ఫిట్టింగుకి పిలిస్తే నడుము ఇరవై ఏడు. భలే తగ్గావే, ఎంత నాజూగ్గా ఉన్నావో అన్నాను. మార్చిలో ఇరవై అయిదు. గౌను మళ్లీ విప్పి కుట్టాల్సి వచ్చింది. పైకి విసుక్కున్నానే గానీ, పద్మజకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను. కార్సెట్ జోలికి పోలేదు. తాడే కదా, బిగిస్తే సరిపోతుందనుకున్నాను.

నాకు కళ్లు లేవా అంటే ఉన్నాయి. ఇంట్లో హీటర్ తిరుగుతున్నా అది హుడీ విప్పేది కాదు. కొలతలప్పుడు అది తీసినా టీషర్టు మీదే ఇచ్చేది. లంచ్ హెవీ అయిందంటూ కంచంలో అన్నాన్ని అటూ ఇటూ జరిపి లేచిపోయేది. బాత్‌రూమ్‌లో జుట్టు ఉండలు ఉండలుగా కనిపించేది. పరీక్షల ఒత్తిడి అనుకున్నాను. మా ఆయన మోహన్ ఒకటి రెండుసార్లు, అది సరిగ్గా తింటోందా అని అడిగితే, ఈ వయసు ఆడపిల్లలంతా ఇంతే, మీకేం తెలుసని కసిరాను.

బాల్ ఏప్రిల్ రెండో శనివారం సాయంత్రం. పద్మజ కూతురు అంకిత కూడా అద్దె గౌనొకటి తెచ్చుకుని బయల్దేరుతోంది. ఇద్దరినీ మోహన్ డ్రైవ్ చేసి దింపాలి. నాలుగింటికి హంసికని మేడమీద నా కుట్టుగదిలో నిలబెట్టి, పల్చటి కాటన్ షిమ్మీ మీద కార్సెట్ తొడిగాను. ముందు కొక్కేలు పెట్టి, అటు తిరగమన్నాను.

దాని వీపు చూసి ఎన్ని నెలలైందో. షిమ్మీలోంచి వెన్నుపూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉన్నాయి. భుజాల మీద, పుట్టినప్పుడు ఉన్నట్టు, సన్నటి నూగు. తాడు లాగాను. అంచులు దగ్గరికొచ్చాయి. ఇంకాస్త లాగాను. రెండూ కలుసుకున్నాయి. సందు అనేదే లేదు. అయినా కార్సెట్ ఒంటిమీద అటూ ఇటూ కదులుతూనే ఉంది. దాని లోపలికి నా చెయ్యి దూరిపోయింది.

ఇంకా టైట్ చెయ్యమంది. ఇంక లాగడానికి లేదన్నాను. ఇవాళ ఏం తిన్నావని అడిగితే యాపిల్ అంది. నిన్న ఏం తిన్నావంటే ముందున్న కొక్కేలు సర్దుకోసాగింది. నాకు భయమేసింది. పిల్ల చచ్చిపోతుందేమోనన్న భయం.

సరిగ్గా అప్పుడే పద్మజ ఫోటోలు తీయడానికి పైకొచ్చింది. గుమ్మంలోనే ఆగి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"అబ్బ, ఆ నడుం చూడు వసుమతీ. ఏం డైట్ చేస్తున్నావో మా అంకితకి కూడా చెప్పమ్మా హంసీ."

హంసిక సంబరంగా నవ్వింది. ఇలాంటివి మనం బయటికి చెప్పం. పిల్లకి కాలు విరిగితే చెప్పుకుంటాం, జ్వరమొస్తే చెప్పుకుంటాం. ఇదైతే గుట్టుగా దాచుకుని, రేపు పెళ్లీ పెటాకులూ ఉన్నాయని నోరు మూసుకుంటాం. పైగా పద్మజతో చెప్పడమంటే కమ్మింగ్ అంతా టముకు వేయించడమే. అన్నీ తెలిసే నోరు తెరిచాను.

"ఇది డైట్ కాదు పద్మజా. దీనికి ఒంట్లో బాలేదు. అన్నం మానేసింది. నేను చూస్తూ, మెచ్చుకుంటూ కూర్చున్నాను."

పద్మజ మొహం పాలిపోయింది. హంసిక ముందు నమ్మలేనట్టు చూసి, తర్వాత, ఆంటీ ముందు ఎందుకు చెప్పావని అరిచి, తన గదిలోకి పోయి తలుపేసుకుంది. పద్మజ ఏదో అనబోయింది. అంకితని నువ్వే దింపుకో, ఇది రాదు అని పంపించేశాను. కోపం తన మీద కాదు, కానీ మాట కటువుగానే వచ్చింది.

మోహన్‌ని పైకి పిలిచి చెప్పాను. నేను ముందే అడిగానుగా అని ఆయన అనలేదు. అనుంటే కాస్త తేలికగా ఉండేది. పిల్లల డాక్టరు నంబరుకి ఫోన్ చేస్తే నర్సు ప్రశ్నలు మొదలుపెట్టింది. కళ్లు తిరుగుతున్నాయా? చివరి పీరియడ్ ఎప్పుడు? రాత్రి నిద్రపోతోందా? దాని భుజం కొలత, చెయ్యి పొడవు, మెడ చుట్టుకొలత నాకు నోటికొచ్చు. ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. గుండె ఎలా కొట్టుకుంటోందో చూడాలి, ఇప్పుడే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి అంది.

హంసిక తలుపు బయట కార్పెట్ మీద కూలబడ్డాను. హాస్పిటల్‌కి వెళ్దాం రమ్మన్నాను. తప్పు నాదన్నాను. బతిమాలాను, ఏడ్చాను. మోహన్ తలుపు తోసేద్దామా అన్నట్టు చూశాడు. వద్దని తల ఊపి, ఇంకా బతిమాలుతూనే ఉన్నాను.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. దాని కళ్లు వాచి ఉన్నాయి. మొహంలో కోపం లేదు. వచ్చి నా పక్కనే గోడకి ఆనుకుని కూర్చుంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

"ఇరవై ఏడు దగ్గరే ఆపేద్దామనుకున్నా," అంది. "నువ్వు ఇంక చాలు అంటావేమో అని వెయిట్ చేశా. కానీ ప్రతిసారీ నువ్వు సో హ్యాపీగా ఉన్నావ్, అమ్మా."