రొయ్య మీసాలు కనబడుతున్నాయా

కళ్ళజోళ్ళ దుకాణం ఆయన్ని వీధివీధంతా భూతద్దం అనే పిలిచేవారు. అద్దాలు అరగదీసేటప్పుడు కంటికి బిగించుకునే బుల్లి భూతద్దం ఒకటి తాడుకు కట్టి ఎప్పుడూ ఆయన మెడలో వేలాడుతూ ఉండేది. దాంతో అద్దాలొక్కటే చూసి ఊరుకుంటే ఆ పేరు వచ్చేది కాదు. కూరగాయలు తెస్తే పుచ్చులు వెతికేవాడు, చుట్టం నవ్వితే ఆ నవ్వు వెనక ఏముందో వెతికేవాడు. నిప్పు కాలుతుందని చెప్పినా, ఏదీ అని వేలు పెట్టి చూసే రకం.

ఆయన దుకాణంలో ఒక గాజు తొట్టె ఉండేది. లోపల ఒత్తుగా నీటి మొక్కలు, పచ్చటి నాచు, ఒక ఎండు మోడు, గాలి బుడగలు వదిలే చిన్న మోటారు, పైన ఒక దీపం. ఆ నాచు మీద ఎర్రటి చిట్టి రొయ్యలు పాకుతూ ఉండేవి. చదువు రాని ముసలివాళ్ళకు అక్షరాల అట్ట చూపించి ఏం లాభం? అందుకని ఆయన వాళ్ళను తొట్టె ముందు కూచోబెట్టి, ఒక్కో అద్దమూ మార్చుతూ, "రొయ్య మీసాలు కనబడుతున్నాయా?" అని అడిగేవాడు. మీసాలు కనబడితే అద్దం కుదిరినట్టు. వీధిలో ఏ ముసలమ్మ సూదిలో దారం ఎక్కించినా, అది ఆ రొయ్యల చలవే.

ఆ ఏడాది ఆయన తమ్ముడు తిరిగొచ్చాడు. ఒకప్పుడు అన్నతో మాటమాత్రం చెప్పకుండా, రోడ్డుకు అవతల ఉన్న ఇంకో కళ్ళజోళ్ళ దుకాణంలో పనికి చేరినవాడు. ఆ దుకాణం మూతబడింది. వదిన పిలిచి మాట్లాడింది, మొగుడికి నచ్చజెప్పింది, మళ్ళీ ఇద్దరినీ ఒక్క బల్ల దగ్గర కూచోబెట్టింది. పని అయితే ఇచ్చాడు గానీ, దుకాణం రెండో తాళంచెవి మాత్రం భూతద్దం ఇవ్వలేదు. అది ఇంట్లో మేకుకు వేలాడుతూనే ఉంది. రోజూ పొద్దున్నే తమ్ముడు వచ్చి, మూసిన తలుపు ముందు బేరగాడిలా నిలబడేవాడు. అన్న వచ్చి తెరవాలి. ఇలాగే ఉంటే తనను నమ్మనట్టేననీ, వేరే ఊళ్ళో పని చూసుకుంటాననీ వదినతో ఒకసారి నెమ్మదిగా అన్నాడు. ఆవిడ ఆ మాట మొగుడి చెవిన వేసింది.

"చూద్దాంలే," అన్నాడు భూతద్దం. ఆయన నోట చూద్దాం అంటే చూస్తూనే ఉంటాను అని.

తమ్ముడు ఒకరోజు ఒక సంచిలో నీళ్ళు పోసి, కొన్ని చిన్న చేపలు తెచ్చాడు. నిప్పుకణికల రంగు, గోరంత పొడవు. అన్న తొట్టెకు అందంగా ఉంటాయని తెచ్చానన్నాడు. భూతద్దం సంచిని వెలుతురుకు ఎత్తి, కంటికి అద్దం బిగించి, అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు.

"రొయ్యల్ని తినవా ఇవి?"

"చేపను చూడకన్నయ్యా, నోరు చూడు. నువ్వుగింజ పట్టదు. నోట్లో పట్టనిదాని జోలికి ఏ చేపా పోదు."

"మరి పిల్ల రొయ్యలో?"

తమ్ముడు తొట్టెలోకి తొంగిచూశాడు. "అబద్ధమెందుకు. అప్పుడే పుట్టినదాన్ని ఒకటీ అరా మింగితే మింగొచ్చు. నాచు ఇంత ఒత్తుగా ఉందిగా, మిగతావి అందులో దాక్కుని పెరుగుతాయి."

నిజం చెప్పడమే వాడు చేసిన తప్పు. తినవు అని ఉంటే భూతద్దం సగం నమ్మేవాడేమో. తింటే తినొచ్చు అనేసరికి, ఆ మాట ఆయన బుర్రలో పురుగై తొలవడం మొదలెట్టింది.

ఆ తొట్టెలో అప్పటికే ఒక చేప ఉంది. అది భూతద్దం స్వయంగా ఎంచి తెచ్చుకున్నది. ఒకప్పుడు మొక్కలతోపాటు నత్తగుడ్లు వచ్చి, గాజంతా నత్తలు పట్టిపోతే, నత్తలు తినే చేప కావాలని అడిగి తెచ్చాడు. చారల ఒళ్ళు, మూతికి మీసాలు. తెచ్చినప్పుడు చిటికెనవేలి కణుపంత. నత్తలన్నిటినీ ఒక్కటి మిగల్చకుండా పీల్చేసింది. పగలంతా దీపం వెలుగుకు దూరంగా మోడు కింద దూరి, కదలకుండా పడుకునేది. దాని నిష్ఠ చూసి ముచ్చటపడి భూతద్దం దానికి స్వామి అని పేరు పెట్టాడు. స్వామి ఏం తిని అంత పెరిగాడో, నత్తలు అయిపోయాక ఏం తింటున్నాడో, అన్నీ అద్దం పెట్టి చూసే మనిషి అదొక్కటీ చూడలేదు.

రొయ్యలు తగ్గుతున్న సంగతి మొదట బయటపెట్టింది బొత్తాలు కుట్టే ముసలమ్మ. దగ్గరచూపు కోసం వస్తే ఎప్పట్లాగే తొట్టె ముందు కూచోబెట్టి, మీసాలు కనబడుతున్నాయా అని అడిగాడు. లేదంది. అద్దం మార్చాడు. లేదంది. ఇంకా మందం పెట్టాడు. చివరికి ఆవిడకే మొహమాటం వేసి, ఆ, ఏదో కనబడుతోంది నాయనా అనేసింది. ఆ అద్దాలే అరగదీసి ఇచ్చాడు. మర్నాడు ఆవిడ గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది.

"ఇవేం కళ్ళజోళ్ళయ్యా? నేల లేచి మీదికొస్తోంది. నిన్న నువ్వు మీసాలు మీసాలంటుంటే, నాకు రొయ్యే కనబడలేదు. చెబితే గుడ్డిదాన్నంటావని ఊరుకున్నా."

భూతద్దం గబగబా తొట్టె దగ్గరికి వెళ్ళి చూశాడు. నాచు మీద ఎర్రటి చుక్క ఒక్కటి లేదు. ముసలమ్మ కళ్ళు బాగానే ఉన్నాయి, లేనిది రొయ్యలే. నిప్పురంగు చేపలు మాత్రం ఏమీ ఎరగనట్టు గుంపుగా ఈదుతున్నాయి. ఆయన తల తిప్పి తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు తల వంచుకుని ఫ్రేము మరలు బిగిస్తున్నాడు. తల వంచుకోకపోతే మరలు బిగించడం ఎలా అని ఆయనకు తట్టలేదు. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు అనుకున్నాడు.

ఆ చేపల్ని తీసి గాజు సీసాలో పోసి, పక్కన పెట్టాడు. తమ్ముడు అడ్డు చెప్పలేదు. ఒక్క మాట మాత్రం అడిగాడు.

"తొట్టెలోంచి అప్పుడప్పుడు టక్కుమని చప్పుడొస్తోంది, ఏంటన్నయ్యా అది?"

"మోటారు."

"మోటారు గురగురమంటుంది గానీ, టక్కుమనదు కదా."

"నా మోటారు సంగతి నువ్వు చెప్తావా నాకు?"

చేపలు సీసాలోకి వెళ్ళాక కూడా, నాచులో దాక్కుని మిగిలిన రొయ్యలు తగ్గుతూనే వచ్చాయి. ఎప్పుడన్నా ఒకటో రెండో నాచులోంచి తొంగిచూసి మళ్ళీ దూరిపోయేవి. ఇంకొకడైతే అక్కడ ఆగి ఆలోచించేవాడు. భూతద్దం ఇంకో మెట్టు దిగాడు. చేపలు కాకపోతే, చేపలు తెచ్చినవాడే. వీడే రొయ్యల్ని పట్టుకుపోతున్నాడు. ఎదురు దుకాణం మళ్ళీ తెరుస్తారేమో, అక్కడా ఒక తొట్టె పెడతారేమో! ఇంటికొచ్చి భార్యతో అదే అన్నాడు, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని.

"ఈశ్వరుడి మెడలో భూతద్దం లేదుగా, నీకుంది. పట్టుకో మరి," అంది ఆవిడ. అని, మేకుకున్న తాళంచెవి వైపు చూసి, "ఆ చెవికి తుప్పు పట్టేలోపల తేల్చు. వాడు సంచి సర్దుకుంటున్నాడు," అంది.

మర్నాడు మధ్యాహ్నం తమ్ముడు చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళినప్పుడు, భూతద్దం వాడి టిఫిన్ డబ్బా తెరిచాడు. కంటికి అద్దం బిగించి ఒక్కో గిన్నే చూశాడు. అడుగు గిన్నెలో ఉడకబెట్టిన దోసకాయ ముక్కలు, ఉప్పూ కారం లేనివి, పల్చగా కోసినవి. ఉప్పు లేకుండా మనిషి తింటాడా? ఎర! దొరికాడు అనుకుని ముక్క ఒకటి చేత్తో పట్టుకుని తల ఎత్తేసరికి, తమ్ముడు తడి చేతులతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

తమ్ముడు తెరిచిన డబ్బా చూశాడు, అన్న చేతిలో ముక్క చూశాడు.

"రొయ్యలకన్నయ్యా," అన్నాడు తమ్ముడు. "ఉడకబెట్టి వేస్తే ఇష్టంగా తింటాయంట. కాస్త ఒంటపడితే మళ్ళీ పిల్లలు పెడతాయేమోనని తెచ్చా."

పని చేసేటప్పుడు కట్టుకునే గుడ్డ విప్పి కొక్కేనికి తగిలించాడు. చేపల సీసా చంకలో పెట్టుకుని, వదినకు చెప్పి వెళతానని బయల్దేరాడు. డబ్బా బల్లమీదే ఉండిపోయింది.

భూతద్దం చేతిలో ముక్క చేతిలోనే ఉంది. ఏం చెయ్యాలో తోచలేదు. వాడు చెప్పింది నిజమో అబద్ధమో చూద్దామని, అంతకుమించి మరో ఉద్దేశం లేదు, దాన్ని తొట్టెలో వేసి స్టూలు మీద కూచున్నాడు. ముక్క నాచు పక్కన వాలింది. కాసేపటికి ఒక రొయ్య వచ్చింది, దాని వెనక ఇంకోటి. ఎక్కడ దాక్కున్నాయో ఏమో, మిగిలినవన్నీ ఒక్కొక్కటే వచ్చి ముక్కకు పట్టి, చిన్న చేతులతో గిల్లుకుని తినసాగాయి. మీసాలు ఊగుతున్నాయి. వాడు చెప్పింది నిజమే అనుకునేలోపల కరెంటు పోయింది.

తొట్టె మీద దీపం ఆరింది. మోటారు ఆగింది. దుకాణం మసకబడి, నిశ్శబ్దమైంది. మోడు కింద ఏదో కదిలింది. స్వామి బయటికొచ్చాడు. వేలెడు పొడవు, దుక్కలాంటి ఒళ్ళు. మీసాలతో ఇసుక తడుముకుంటూ, తొందరేమీ లేకుండా ముక్క దగ్గరికి వెళ్ళాడు. మూతి చాచాడు.

టక్.

రొయ్య లేదు. మిగతావి చెదిరిపోయాయి. స్వామి దవడలు కదిలించాడు. ఇంకోసారి, టక్. ఆగిపోయిన మోటారు చప్పుడు చెయ్యదు కదా. భూతద్దం మెడలోని అద్దాన్ని తడుముకున్నాడు గానీ, కంటికి పెట్టుకోలేదు. దానికి అద్దం అక్కర్లేదు.

దుకాణం తలుపు తెరిచిపెట్టి ఆయన బయటికి నడవడం వీధి అదే మొదటిసారి చూసింది. ఇంట్లో తమ్ముడు సంచి భుజానికి తగిలించుకుని, వదినతో చెబుతున్నాడు. సీసాలో చేపలు గోడవైపు తిరిగి ఉన్నాయి.

భూతద్దం మేకునుంచి తాళంచెవి తీశాడు. ఇవ్వలేదు, చేతిలో పట్టుకునే నిలబడ్డాడు.

"చప్పుడు మోటారుది కాదురా," అన్నాడు.

తమ్ముడు భుజాన సంచి సర్దుకున్నాడు.

"మోడు కింది మీసాలదాని నోరు చూళ్ళేదు నేను. నీ చేపల నోళ్ళే చూశా."

"ఎవరు తెచ్చారో దాన్ని," అంది భార్య గోడతో అన్నట్టు.

"నేనే తెచ్చా. పేరు కూడా నేనే పెట్టా." ఆయన చెయ్యి చాచాడు. "తలుపు తెరిచొచ్చా. నువ్వెళ్ళి చూసుకో. ముందు దాన్ని పట్టి బయటెయ్యి, నాకు చేతులాడట్లేదు."

తమ్ముడు తాళంచెవి వైపు చాలాసేపు చూశాడు. తరువాత సంచి గోడకు ఆనించి, తాళంచెవీ సీసా తీసుకున్నాడు.

సాయంత్రానికి స్వామిని వేరే తొట్టెలోకి మార్చారు, తొట్టెలున్నవాళ్ళ ఇళ్ళలో అడిగి నత్తలు తెచ్చి వేశారు. నిప్పురంగు చేపలు మొక్కల మధ్యకు తిరిగొచ్చాయి. మిగిలిన నాలుగు రొయ్యలూ నాచులోంచి బయటికి రాలేదు. వాటికింకా ఎవరిమీదా నమ్మకం కుదరలేదు.

దుకాణం కట్టేసేటప్పుడు తాళం తమ్ముడే వేశాడు. భూతద్దం రెండడుగులు నడిచాడు, ఆగాడు, వెనక్కి వచ్చి తాళాన్ని ఒకసారి లాగి చూశాడు.

"ఇంకోసారి లాగన్నయ్యా," అన్నాడు తమ్ముడు. "నీకు రాత్రి నిద్రపట్టాలిగా."

భూతద్దం ఇంకోసారి లాగాడు.