ఒకే కార్డు, రోజుకో పేరు

ఎవరో దొంగ కార్డుని తమ వెబ్‌సైటులోనే రోజూ గీకుతున్నారని నాగవేణికి తెలిసేసరికి, ఆమె చేతిలోని పట్టుచీర సగం మడతలో ఉంది.

ఫోన్లో ఆ మెయిల్ మళ్లీ చదివింది. కార్డు చెల్లింపులు చూసే కంపెనీ పంపింది. ఒకే కార్డు, రోజుకో పేరు, ప్రతిసారీ చిన్న మొత్తం. కొట్టేసిన కార్డు పనిచేస్తోందో లేదో చూసుకునేవాళ్ల పద్ధతి ఇదేనట. సాయంత్రంలోగా సరైన జవాబు రాకపోతే తమ కొట్టు చౌడేశ్వరి హ్యాండ్లూమ్స్‌కి కార్డు చెల్లింపులు శాశ్వతంగా ఆపేస్తారట.

"శాశ్వతంగానా! వీళ్ల మొహం మండ!" అంది పైకే.

ఒళ్లు మండక ఏం చేస్తుంది? హనుమాన్ జంక్షన్‌లో ఆ కొట్టు ముందు కార్లు ఆగడం ఎప్పుడో మానేశాయి. వెబ్‌సైటు పెట్టాకే ఊళ్లో భర్త చూసుకునే మగ్గాలకు మళ్లీ పని దొరికింది. పాన్ కార్డనీ, బ్యాంకు కాగితాలనీ, కొట్టు ఫొటో సరిగ్గా లేదనీ కంపెనీవాళ్లు పెట్టిన తిప్పలన్నీ పడి సంపాదించుకున్న సదుపాయం అది. అది పోయిందంటే మగ్గాలు ఆగినట్టే.

గల్లా దగ్గర కూర్చున్న మామగారు ఏడుకొండలు కళ్లజోడు పైకి నెట్టాడు. "ఏమయిందమ్మా?"

"మన సైటులో దొంగలు పడ్డారు మావయ్యగారూ. విజయవాడ వెళ్లి, దాన్ని కట్టిన జ్ఞానేశ్వర్ సంగతి తేల్చుకొస్తాను."

"కంప్యూటర్లో కూడా దొంగలా! వాళ్ల చేతులు పడిపోనూ!" అన్నాడాయన నిజంగానే కోపంగా.

విజయవాడ సూర్యారావుపేటలో జ్ఞానేశ్వర్ ఆఫీసున్న రెండో అంతస్తుకి మెట్లెక్కి, రొప్పు తగ్గకముందే అందుకుంది నాగవేణి.

"ఏం బాబూ, సైటు కట్టమంటే దొంగలకి దొడ్డిదారి పెట్టావా?"

"అక్కా, ముందు కూర్చోండి. మంచినీళ్లు తాగండి."

"నీ నీళ్లు నువ్వే తాగు. నా కొట్టు పేరు దొంగల జాబితాలో పడితే నువ్వొచ్చి మగ్గం నేస్తావా?"

జ్ఞానేశ్వర్ నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపుకున్నాడు. కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు. "అన్నీ తువ్వాళ్లే అక్కా. మీ సైటులో అన్నిటికన్నా చవకది అదేగా. రామతులసి, అమలమ్మ, శౌరమ్మ... మళ్లీ రామతులసి. ఇంటికి పంపమని ఒక్కళ్లూ అడగలేదు. అందరూ కొట్టుకొచ్చి తీసుకుంటామనే నొక్కారు. అందరిదీ ఒకటే కార్డు. పైగా పొద్దున్నే, మీరు కొట్టు తెరిచే వేళకి." కాస్త తటపటాయించాడు. "ఇంకో మాట. ఇవన్నీ మీ కొట్టు వైఫైలోంచే వచ్చాయి."

"అంటే నేనే దొంగనంటావా!"

"నేనట్లేదక్కా. కంప్యూటర్ అంటోంది."

"దానికి చెవులుంటే దాన్నీ నాలుగు దులిపేదాన్ని."

తిరుగు బస్సులో కిటికీ పక్క కూర్చుని కంపెనీకి ఫోన్ చేసింది. బ్లెస్సీ అనే అమ్మాయి ఎత్తింది. నాగవేణి గొంతు పెంచేకొద్దీ ఆ పిల్ల గొంతు మరింత మెత్తబడింది.

"కార్డు ఎవరిదో వాళ్లే, మాటలు రికార్డయ్యే మా లైన్లో, వాడింది తామేనని ఒప్పుకోవాలి మేడం. అప్పుడైతే మీ సైటు నేను ఆపనండి."

"దొంగ ఎక్కడైనా ఫోన్ చేసి నేనే దొంగనంటాడా తల్లీ?"

"రూల్ అండి. డ్యూటీ దిగేదాకా లైన్లోనే ఉంటాను. ఈ నంబరుకే చేయండి."

రూలట! కష్టపడి బతుకుతున్నవాళ్లని నిలబెట్టి దొంగలనడానికి ఏ రూలూ అక్కర్లేదు కాబోలు. పళ్లు నూరుకుంటూ కూర్చున్న నాగవేణికి గన్నవరం దాటాక చటుక్కున ఒక సంగతి తట్టింది. ఆ తువ్వాళ్ల పొట్లాలు కట్టింది తనే. మీద పేర్లు రాసి మామగారి చేతికిచ్చింది. వచ్చి తీసుకెళ్లినవాళ్లని ఆయన చూసే ఉండాలి!

కొట్టులో అడుగుపెడుతూనే అడిగింది. "మావయ్యగారూ, సైటులో తువ్వాళ్లు కొని తీసుకెళ్లిన రామతులసి ఎలా ఉంటుంది?"

"రామతులసా... చామనచాయమ్మా."

"అమలమ్మ?"

"ఆవిడా చామనచాయే."

"శౌరమ్మ?"

ఏడుకొండలు లేచి, తిరుగుతున్న ఫ్యాను వేగమే ఇంకాస్త పెంచాడు.

నాగవేణి అడుగు బీరువా తలుపు లాగింది. పాత దుప్పట్ల వెనక పొట్లాలు. తన చేతిరాతతోనే, కట్టిన తాడు కట్టినట్టే.

"ఒక్కళ్లూ రాలేదన్నమాట! వాటిని నా కంటపడకుండా ఎందుకు దాచారు? ఎవర్ని కాపాడుతున్నారు? ఒకే కార్డు మీద రోజుకో పేరు పెట్టి మనల్ని రోడ్డున పడేస్తున్నాడు వాడు! ఇవాళ వాడే కంపెనీ అమ్మాయికి ఫోన్ చేసి, రికార్డయ్యేలా ఒప్పుకోకపోతే సైటు మూతపడుతుంది, తెలుసా?"

ఏడుకొండలు గల్లా ముందు కూలబడ్డాడు.

"మూతపడుతుందా? ఆ అమ్మాయికి ఫోన్ కలుపు," అన్నాడు.

బ్లెస్సీ గొంతు వినపడగానే ఆయన ఫోన్‌ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"రికార్డవుతోందామ్మా? అయితే విను. నా పేరు ఏడుకొండలు. ఆ కార్డు నాది. ఓటీపీ వస్తే కొట్టిందీ నేనే. బోణీ కాకుండా ఏనాడూ వ్యాపారం చేసినవాణ్ణి కాదమ్మా. మా కోడలు కంప్యూటర్లో కొట్టు తెరిచింది. దానికి అగరబత్తి లేదు, మొదటి బేరం కళ్లకద్దుకోవడం లేదు. వారమంతా ఈగ వాలలేదు. ఓ పొద్దున నేనే ఒక తువ్వాలు కొన్నాను. ఆ మధ్యాహ్నమే హైదరాబాదు నుంచి పట్టుచీర బేరం తగిలింది. ఇంక మానబుద్ధవుతుందా? సొంత కొట్టులో సొంత పేరుతో చేస్తే అది బోణీ కాదు కదా. రామతులసి, అమలమ్మ, శౌరమ్మ, వీళ్లంతా పూర్వం మా కొట్టుకొచ్చేవాళ్లు. వాళ్ల చెయ్యి మంచిదమ్మా. అందుకే వాళ్ల పేర్లు రాశాను. కోడలు నవ్వుతుందని పొట్లాలు దాచాను. తప్పంటే తప్పే, రాసుకో. దొంగ అని మాత్రం రాశావో, ఊరుకోను! ప్రతి తువ్వాలు మీదా మీ కంపెనీ కమీషను కోసుకుంటుంటే నేను నోరెత్తానా? మా పిల్లనేమీ అనకండి. రోజూ ఆ కార్డు గీకింది నేనే."