సకురా టూర్, ఇంటి భోజనంతో సహా

కందిపొడికి పప్పు వేయించేటప్పుడు మంట సన్నగా ఉండాలి, చెయ్యి ఆగకూడదు. కళావతి చెయ్యి ఆగడం లేదు. ఇది దించాక ఇంటికొచ్చినవాళ్ళకి బజ్జీలు వెయ్యాలి. బయట వెర్రిబీ ఊరు ఫిబ్రవరి నడివేసవి ఎండలో మాడిపోతోంది. హాల్లో ఏసీ హాయిగా నడుస్తోంది గాని, ఆ చల్లగాలి వంటింటి గడప దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. ఇల్లు కట్టించుకునేటప్పుడు బిల్డర్ అడిగితే భర్త గోపాలరావు, "కిచెన్‌లో ఎందుకు, అక్కడెవరు కూర్చుంటారు?" అన్నాడు. ఆ మాట అబద్ధమేమీ కాదు. ఇన్నేళ్ళలో ఆ వంటింట్లో ఎవరూ కూర్చోలేదు. కళావతి నిలబడే ఉంది.

"ఫుడ్ గురించి మీరసలు టెన్షనే పడొద్దు. మా కళ ఉందిగా!" హాల్లోంచి గోపాలరావు గొంతు ఖంగుమంది.

"అమ్మయ్య! చెల్లెమ్మ వస్తోందంటే సగం ట్రిప్పు సక్సెస్ అయినట్టే" అన్నాడు స్నేహితుడు ఈశ్వరప్రసాద్. ఆయన భార్య చాముండేశ్వరి, "వదిన చేతి పులిహోర లేకపోతే నాకది ట్రిప్పే కాదు" అని గట్టిగా వంటింటికి వినబడేలా అంది.

ఏప్రిల్ స్కూలు సెలవుల్లో జపాన్‌లో చెర్రీ పూలు చూడటానికి వెళ్ళాలని వాళ్ళ ప్లాను. పక్కనే టార్నీట్‌లో ఉండే శ్రీదివ్య తెలుగువాళ్ళని ఇలా గుంపుగా వెంటబెట్టుకెళ్ళి, దగ్గరుండి అన్నీ చూపించి తీసుకొస్తుంది. ఆ అమ్మాయే ఇప్పుడు ల్యాప్‌టాప్ ముందేసుకుని సోఫాలో కూర్చుంది. హోటళ్ళా, వంటిల్లున్న అపార్ట్‌మెంట్లా, ఏదో ఒకటి ఇవాళ తేల్చెయ్యాలి, ఆలస్యమైతే ఆ సీజన్లో గదులు దొరకవు అంటోంది. తేల్చడానికేముంది? వాట్సాప్‌లో తిరుగుతున్న పోస్టర్‌లోనే తేలిపోయింది. పైన గులాబీ రంగు పూలు, కింద అరిటాకులో భోజనం, మధ్యలో పెద్ద అక్షరాలతో 'సకురా టూర్, ఇంటి భోజనంతో సహా'. ఆ ఇల్లు తనదేనని కళావతికి ఆ పోస్టర్ చూశాకే తెలిసింది. భర్తని అడిగితే, "ఇందులో నిన్ను అడిగేదేముంది? ఎలాగూ వస్తున్నావుగా" అన్నాడు ఫోన్లోంచి తలెత్తకుండానే.

మొన్న కూతురు వైశాలికి ఫోన్ చేసి చెప్పుకుంది. వైశాలి కాన్‌బెర్రాలో, గంగాలిన్‌లో ఉంటూ ఉద్యోగం చేసుకుంటోంది. తల్లి మాట అంతా తెలుగులో విని, "అమ్మా, జస్ట్ డోంట్ కుక్!" అని ఇంగ్లీషులో తేల్చేసింది. జస్ట్ అట. కళావతికి కోపం రాలేదు, ఆశ్చర్యమేసింది. పెళ్ళైన దగ్గర్నుంచీ తను ఎత్తలేకపోయిన బండరాయిని, ఈ పిల్ల కాలితో తన్ని పక్కకి దొర్లించినట్టు మాట్లాడుతోంది. అదెంత బరువో తెలియక కాదు. దాని మోత తన మీద పడదని ఆ పిల్ల ఎప్పుడో నిర్ణయించుకుంది, అంతే.

రెండేళ్ళ కిందట కూడా ఇదే బృందం, ఇంకో గైడ్ వెంట, జపాన్ వెళ్ళొచ్చింది. కళావతీ వెళ్ళింది. ఏజ్డ్ కేర్‌లో ముసలివాళ్ళకి స్నానాలు చేయిస్తూ, వాళ్ళ పక్కలు మారుస్తూ కూడబెట్టుకున్న సెలవంతా పెట్టి మరీ వెళ్ళింది. జపాన్‌లో ఏం చూశావని ఎవరైనా అడిగితే ఆమెకు ముందు గుర్తొచ్చేది హోటల్ బాత్రూమ్‌లోని సింకు. అందులో బియ్యం కడిగింది. మంచం పక్కనున్న దీపం తీసి కింద పెట్టి, అక్కడ రైస్ కుక్కర్ పెట్టింది. ఇస్త్రీ బల్ల మీద పచ్చిమిరపకాయలు తరిగింది. అందరూ లేచేలోపు పెరుగన్నం డబ్బాలు సర్దింది, అందరూ పడుకున్నాక ఆ డబ్బాలే మళ్ళీ ఆ సింకులోనే కడిగింది. పార్కుల్లో అందరూ చెట్ల కిందికి ఫోటోలకి పరిగెడుతూ, "వదినా, కాస్త బ్యాగులు చూస్తుండవా" అనేవారు. కళావతి బ్యాగులు చూసింది. నెత్తిన అంత పూలతోట పెట్టుకుని, కింద జిప్పులు వేశారో లేదో చూస్తూ కూర్చుంది. తిరిగొచ్చాక చాముండేశ్వరి ఫోటోలన్నీ పుస్తకంగా అచ్చు వేయించి బహుమతిగా ఇచ్చింది. అందులో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కళావతి వండిన పులిహోర ఉంది, దద్ధ్యోజనం ఉంది. కళావతి లేదు.

క్యోటోలో ఒక రోజు, ఇంకా ఆరు కాకుండానే, గోపాలరావు డబ్బాలోని పులిహోర రుచి చూసి మొహం చిట్లించాడు. "తాలింపు లేకుండా ఇదేం పులిహోర? పెట్టు." పొగ వస్తుందండీ అంది కళావతి. అతను నవ్వి, బాత్రూమ్‌లో పెట్టిన షవర్ క్యాప్ తెచ్చి, కుర్చీ ఎక్కి, పైకప్పుకున్న స్మోక్ అలారంకి దాన్ని తొడిగాడు. తలుపు కింద తడి టవల్ దూర్చాడు. "మనవాళ్ళంతా చేసేదిదే, ఏం కాదు" అన్నాడు. వెంట తెచ్చుకున్న కరెంటు పొయ్యి మీద నూనె కాగింది, ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిర్చి ఘాటు గది నిండా అలుముకుంది. దగ్గు తట్టుకోలేక కళావతి తలుపు కొద్దిగా తెరిచింది. ఆ పొగ వరండాలోకి పోయింది. వరండాలోని అలారంకి టోపీ లేదు.

హోటలంతా రోడ్డు మీదికొచ్చింది. చంటిపిల్లలు, ముసలివాళ్ళు, నిద్రబట్టల్లో ఉన్న పరాయి దేశాలవాళ్ళు. ఫైరింజన్ వచ్చింది. మేనేజరు, వయసులో చిన్నవాడు, ఒక్కొక్కరి ముందూ నడుం వంచి క్షమాపణ అడుగుతూ వస్తున్నాడు, తప్పు తనదే అయినట్టు. చివరికి వీళ్ళ దగ్గరికొచ్చాడు. గోపాలరావు గొంతు సవరించుకుని, "మై వైఫ్. షి డజ్‌నాట్ నో ది రూల్స్" అన్నాడు.

కళావతికి రూల్సు తెలుసు. ఆమె పనిచేసే చోట ఆమే ఫైర్ వార్డెన్. డ్రిల్లు జరిగిన ప్రతిసారీ ఎర్ర టోపీ పెట్టుకుని, చక్రాల కుర్చీల వాళ్ళని బయటికి నడిపించేది ఆమె. కొత్తగా చేరిన పిల్లలకి ఏ అలారం ఎందుకు మోగుతుందో నేర్పేది ఆమె. అయినా నైటీ మీద శాలువా కప్పుకుని ఆ అబ్బాయి ముందు నడుం వంచింది. తల ఎత్తేసరికి ఎదురుగా, రోడ్డుకి అవతల, కాలువ గట్టున చెట్టు. అప్పుడే పడుతున్న లేత వెలుగులో కొమ్మ కూడా కనబడనంతగా పూసింది. గాలి లేకుండానే రేకులు రాలుతున్నాయి, కొన్ని నీళ్ళ మీద, కొన్ని ఫైరింజన్ మీద. తను ఈ దేశం వచ్చింది దీనికోసమని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. రెండడుగులు అటు వేసింది. "ఏంటా దిక్కులు చూడ్డం? లోపలికెళ్ళి గది తుడువు, వాసనొస్తోంది" అన్నాడు గోపాలరావు.

హాల్లో ఇప్పుడు ఆ కథే నడుస్తోంది. కొత్తగా గుంపులో చేరిన కుర్ర జంట దీపక్, తన్మయిలకి ఈశ్వరప్రసాద్ నటించి మరీ చెబుతున్నాడు. ఈ రెండేళ్ళలో ఏ ఇంట బార్బెక్యూ పెట్టినా, ఏ పుట్టినరోజైనా ఈ కథ లేకుండా ప్లేట్లు లేవలేదు. "మా చెల్లెమ్మ తాలింపు పెడితే జపాన్ ఫైరింజన్లు కదిలాయి తెలుసా! అలారంకి షవర్ క్యాప్ తొడిగిందయ్యా, షవర్ క్యాప్!"

"మా ఆవిడ తెలివితేటలు మరి" అన్నాడు గోపాలరావు, మురిపెంగా.

"అందుకే వదినకి ఇబ్బంది లేకుండా ఈసారి కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్లే అనుకున్నాం" అంది చాముండేశ్వరి. "నాలుగు పొయ్యిలుంటాయట. హాయిగా వండుకోవచ్చు."

నాలుగు పొయ్యిలు. కళావతి చెయ్యి ఆగింది. పప్పు ఒక పక్క మాడటం మొదలైంది, ఆ వాసన ముక్కుకి తగిలినా గరిటె కదపలేదు. ఇప్పుడు ఈ గడప దాటకపోతే ఏప్రిల్‌లో ఆ నాలుగు పొయ్యిల ముందు నిలబడతాననీ, ఆ పూలు మళ్ళీ తనకు కనబడకుండానే రాలిపోతాయనీ, వచ్చే ఏడూ ఈ సోఫాలో ఇదే నవ్వు వినపడుతుందనీ ఆమెకు చాలా స్పష్టంగా తోచింది. ఇంతకాలం ఊరుకున్నది భయపడి కాదు. నలుగురిలో మొగుణ్ణి చిన్నబుచ్చడమెందుకని. ఆ నలుగురి ముందే అతను తనని రెండేళ్ళుగా చిన్నబుచ్చుతున్నాడే! స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని హాల్లోకి వచ్చింది.

అందరి కళ్ళూ ముందు ఆమె చేతుల మీదికే వెళ్ళాయి.

"బజ్జీలు రెడీయా చెల్లెమ్మా?"

"లేవన్నయ్యగారూ. స్టవ్ కట్టేశాను." ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ క్యాప్ తొడిగింది నేను కాదు, ఈయన. కుర్చీ ఎక్కి తొడిగారు. కుర్చీ కదలకుండా నేను పట్టుకున్నాను. తాలింపు పెట్టమందీ ఈయనే. మీరు కథ చెప్పేటప్పుడు ఇకనుంచి ఇలా చెప్పండి."

ఈశ్వరప్రసాద్ నోట్లో నవ్వు ఎటు పోవాలో తెలియక అక్కడే ఉండిపోయింది.

"ఇప్పుడదంతా ఎందుకు కళా? ఏదో సరదాకి అనుకుంటున్నాం" అన్నాడు గోపాలరావు.

"నాకు సరదాగా లేదు."

"ఒక్కసారి లోపలికి రా."

"ఇక్కడే చెప్పండి. లోపల ఉక్కపోత." అని శ్రీదివ్య వైపు తిరిగింది. "అమ్మా, ఆ అపార్ట్‌మెంట్లు బుక్ చెయ్యొద్దు. నేను వండను."

శ్రీదివ్య కంగారుపడింది. "అదేంటి ఆంటీ? మీకు వంటంటే ప్రాణమని, మీరు హ్యాపీగా ఒప్పుకున్నారని అంకుల్ చెప్పారు. పోస్టర్ కూడా వేసేశాను..."

"నన్నెవరూ అడగలేదమ్మా. నువ్వూ అడగలేదు."

ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. ల్యాప్‌టాప్ మూత సగం వాల్చి, "అవునాంటీ. అడగలేదు" అంది మెల్లిగా.

"మేమంతా తలో చెయ్యి వేస్తాం కదా వదినా" చాముండేశ్వరి దగ్గరకు జరిగి మోచేయి పట్టుకుంది. "అంతమాత్రానికి ఇంత కోపమా?"

"పోయినసారీ వేస్తామన్నావు. నీ చేతులు ఫోటోల్లో చూశాను చాముండీ, గోరింటాకు బాగా పండింది."

దీపక్ ఫక్కుమని నవ్వి, భార్య చూపు చూసి దగ్గులోకి దింపాడు. గోపాలరావు మొహం కందగడ్డలా అయింది. "మరి అందరూ ఏం తింటారు? పచ్చి చేపలా? నువ్వు వండకపోతే ఇంక నువ్వు రావడమెందుకు?"

గోపాలరావుకే ఆ మాట తను అనుకున్నదానికంటే పెద్దగా వినిపించినట్టుంది, కళ్ళు దించుకున్నాడు. కళావతికి ఏడుపు రావాల్సింది. రాలేదు. ఎన్నాళ్ళుగానో ఒంట్లో ఎక్కడో సలుపుతున్న ముల్లుని అతనే తన చేత్తో బయటికి లాగి అందరికీ చూపించినట్టుంది. తనెందుకు రావాలో ఈ ఇంట్లో ఉన్న లెక్క అది. ఇంతకాలం లోలోపల అనుమానంగా ఉన్నది ఇప్పుడు పేపర్లో వచ్చిన వార్తలా ఉంది.

"ఎందుకంటే చూడ్డానికి" అంది. "మీరంతా ఎందుకు వెళ్తున్నారో నేనూ అందుకే. పొద్దున్నే లేచి ఆ చెట్ల కిందికి పోతాను, ఆకలేస్తేనే వస్తాను. నా చేతిలో డబ్బాలుండవు. మీ బ్యాగులు నేను చూడను. నా సెలవు నేను పెట్టుకుంటున్నాను, నా టికెట్టు నా జీతంలోంచి కొనుక్కుంటున్నాను. మీరు ఈ గుంపుతో వస్తానంటే రండి, మానేస్తే మానేయండి. నేను మాత్రం వెళ్తున్నాను."

"నేను గూడ మీతోనే వస్త ఆంటీ, పొద్దున్నే" అంది తన్మయి. వరంగల్ పిల్ల, ఇందాకట్నుంచి ఆ కథకి నవ్వనిది తనొక్కతే.

"మరి నా టిఫిన్?" అన్నాడు దీపక్.

"నీకు చేతుల్లేవా?"

ఈసారి శ్రీదివ్య నవ్వింది. ల్యాప్‌టాప్ పూర్తిగా తెరిచి, "సరే, హోటళ్ళే. ఇంటి భోజనం మాట పోస్టర్లోంచి ఇవాళే తీసేస్తాను" అంది. "అక్కడ మనకి కావాల్సిన తిండి దొరక్కపోదు, నేను ముందే మాట్లాడి ఏర్పాటు చేయిస్తాను. కాకపోతే ఎవరేం తింటారో ఒక్కొక్కరూ నాకిప్పుడే చెప్పెయ్యాలి. ఈశ్వర్ అంకుల్?"

"ప్యూర్ వెజ్. గుడ్డు కూడా తగలకూడదు" అన్నాడు ఈశ్వరప్రసాద్, చావుకబురు చెబుతున్నట్టు. చాముండేశ్వరి తనకు చేపవాసన ఆ చుట్టుపక్కలకే రాకూడదంది. దీపక్ చికెన్ అన్నాడు. తన్మయి ఏదున్నా సరే, కొత్తగా ఉండాలంది.

"మా ఇద్దరికీ వెజ్ రాసుకోండి" అన్నాడు గోపాలరావు, గోడ వైపు చూస్తూ.

"మీది రాసుకున్నాను అంకుల్." శ్రీదివ్య అతని మీదుగా చూసింది. "ఆంటీ, మీకేం కావాలి?"

కళావతి వెంటనే చెప్పలేకపోయింది. అత్తగారు, "ఆడదానికి ప్రత్యేకంగా ఒక రుచేమిటి, మిగిలింది తినేదానికి" అనేది. తనకేం ఇష్టమో ఎవరూ అడగక, తనూ తనని అడుక్కోక, ఆ ప్రశ్న ఎప్పుడో గిన్నె అడుగున మాడిపోయింది. గోపాలరావు అసహనంగా కదిలాడు. అందరూ ఎదురుచూస్తున్నారు. చూడనీ అనుకుంది. తొందరేం లేదు. కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు బారజాపుకుంది.

"ఇంకెవరైనా వండింది" అంది. "ఏదైనా సరే, నేను వండనిది."