జాదింగి ఇంటికి మొలిచిన గది

జాదింగి రోజూ పొగమంచు విడవకముందే పొయ్యి రాజేసి టీ నీళ్లు పడేసేది. మిజోరం కొండదారిలో ఐజ్వాల్ వెళ్లే సుమో బండ్లు ఆమె కొట్టు ముందు ఆగేవి. టీ, ఉడకబెట్టిన గుడ్లు, ఆకుల్లో చుట్టిన జిగురుబియ్యం రొట్టెలు అమ్మేది. కొట్టు వెనకే ఇల్లు. ఊళ్లో అన్ని ఇళ్లలాగే రోడ్డు వైపు నేల మీద, లోయ వైపు గుంజల మీద నిలబడి ఉండేది. తేడా ఒక్కటే. దిక్కులేని మనిషి ఎవరైనా ఊళ్లోకి వచ్చే ముందు ఆ ఇంటికి లోయ వైపు ఒక గది మొలిచేది. ఆ మనిషి తన దారి తాను చూసుకుని వెళ్లగానే గది పోయేది.

ఊరికిది కొత్త కాదు. గది కనిపిస్తే పక్కింటి థన్‌పుయీ దుప్పటి తెచ్చిచ్చేది. చర్చి సంఘంలో పడుచువాళ్లు కట్టెలు పడేసి పోయేవాళ్లు. బర్మా వైపు నుంచి పారిపోయి వచ్చిన తల్లీపిల్లలకు ఒకసారి పొడుగాటి గది మొలిచింది. మతి చెడిన ముసలాయనొకడికి కిటికీ లేని గది వచ్చింది. ఆయనకు వెలుతురంటే భయం. కొలతలెప్పుడూ తప్పేవి కావు.

ఆ ఏడు వానలు మొదలవుతుండగా ఒక పొద్దున మళ్లీ గది మొలిచింది. జాదింగి చేతులు తుడుచుకుంటూ చూడబోయింది. మంచం పట్టేంత గది. గడప లేదు. మెట్టు లేదు. గోడ పొడుగునా, పట్టుకుని నడవడానికి వీలుగా, నడుమెత్తున వెదురు కర్ర కట్టి ఉంది.

ఒంటికాలి మనిషి కోసం వచ్చిన గది.

ఆమె ఎరిగిన ఒంటికాలి మనిషి ఒక్కడే. దెంగా. సుమో నడిపేవాడు. తాగి, పొగమంచులో బండి తోలి, అల్లం బస్తాలతో పాటు ఆమె కొడుకు మావియాని కూడా లోయలో పడేశాడు. మావియా పోయాడు. దెంగాకి కాలు పోయింది, ఆ తర్వాత జైలుకి వెళ్లాడు. వాడు విడుదలయ్యే రోజులివే.

జాదింగి ఆ పూటే గది నిండా కట్టెలు పేర్చింది.

"అదేంటక్కా, వచ్చేవాళ్లు ఎక్కడ పడుకుంటారు?" అంది థన్‌పుయీ.

"ఎవరూ రావట్లేదు. అది కట్టెల గది."

"ఇల్లు పొరబాటు పడిందంటావా?"

"ఇల్లు కాదు. పైనున్నాయన పడ్డాడు."

అంతటితో ఊరుకోక సంఘపెద్ద రొఖూమా ఇంటికి వెళ్లింది. ఆయన వరండాలో కూర్చుని అల్లం కడుగుతున్నాడు.

"పెద్దాయనా, ఆ గది పోవాలని ప్రార్థన చెయ్యండి."

"నేను కట్టానా అమ్మా, నేను తీసేయడానికి?"

"మీ మాట వింటాడు."

"నా మాటే వింటే నా మోకాళ్ల నొప్పులు ఎప్పుడో పోయేవి." ఆయన అల్లం పక్కన పెట్టాడు. "క్షమించెయ్యమని చెప్పడానికి నాకు నోరు రావట్లేదు జాదింగీ. పోయింది నా కొడుకు కాదుగా."

ఇంటికొచ్చి అన్నానికి బియ్యం తీసింది. వండే ముందు దేవుడి కోసం పిడికెడు బియ్యం పక్కన పెట్టడం అక్కడ ప్రతి ఇంటి అలవాటు. ఆ పిడికిలి బిగించి అలాగే నిలబడింది. "పూటపూటకీ నీ వాటా నీకు పెట్టాను. ముక్కూమొహం తెలియనివాళ్లకి వండి వడ్డించాను. ఇంత లోకంలో నీకు నా ఇల్లే దొరికిందా?" అంది పైకే. పిడికెడూ పక్కన పెట్టి, మిగతావి కడిగి పొయ్యెక్కించింది.

దెంగా వచ్చాడు. అతని సొంత అన్నే తలుపు తీయలేదు. రోడ్డు మలుపులో సుమోల కోసం కట్టిన రేకుల పందిట్లో మూట దించుకున్నాడు. ఆదివారం మందిరంలో చివరి బల్ల మీద కూర్చున్నాడు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ పక్కన కూర్చోనూ లేదు. థన్‌పుయీ అన్నం పెట్టొచ్చి, ఆ సంగతి జాదింగి దగ్గర ఎత్తలేదు.

జాదింగి కొట్టులోంచి చూస్తే ఆ పందిరి కనిపిస్తుంది. ఒక మధ్యాహ్నం వాన విరుచుకుపడింది. చంటిబిడ్డను వీపున కట్టుకున్న ఒకామె పందిట్లోకి పరిగెత్తింది. తడవని చోటు ఒక్కటే, దెంగా కూర్చున్న మూల. అతను కర్ర ఊతంతో లేచి ఆమెకు చోటిచ్చి, రేకు కారుతున్న చోట కూర్చున్నాడు. నెత్తి మీద నీళ్లు కారుతున్నా కదల్లేదు.

జాదింగికి ఒళ్లు మండిపోయింది. వాడు దుర్మార్గుడిగానే ఉంటే ఆమెకు ఎంత తేలిక! వెళ్లి కట్టెలన్నీ బయట పారేసింది. గొడుగు తీసుకుని మలుపు దాకా నడిచింది.

"లే," అంది.

దెంగా తలెత్తలేదు. "అమ్మా, నేను..."

"క్షమించే మనసు నా దగ్గర లేదు. వెతికాను, దొరకలేదు. గదుంది. రా."

"ఏ మొహం పెట్టుకుని రాను?"

"తడిసిన మొహం పెట్టుకునే రా. నువ్వొచ్చిపోతే గాని ఆ గది పోదు."

అలా వచ్చాడు. ఆమె గది ముందు కంచం పెట్టి, పలకరించకుండా వెళ్లిపోయేది. అతను వెదురు చీల్చి అల్లానికి బుట్టలు అల్లేవాడు. వానలు వెళ్లాయి, చలి వచ్చింది. ఒకరోజు కంచం పెట్టి జాదింగి అక్కడే నిలబడింది.

"నా కొడుకు చివరగా ఏమన్నాడు?"

దెంగా చేతిలో బద్ద ఆగింది. "బండి ఆపు, నడిచిపోతానన్నాడు. నేను నవ్వాను. ఆపలేదు."

జాదింగి వెళ్లిపోయింది. ఆ రోజు కొట్టు తెరవలేదు. మర్నాడు కంచం గది ముందు పెట్టలేదు. పొయ్యి దగ్గర, తన కంచం పక్కన పెట్టింది.

"అబద్ధం చెప్పుంటే బతుకంతా నీ మొహం చూసేదాన్ని కాదు. తిను," అంది.

చలి తగ్గాక రోడ్డు పని జరిగే చోట కాపలావాడు కావాలని కబురొచ్చింది. దెంగా మూట కట్టుకున్నాడు. "వెళ్లొస్తానమ్మా" అన్నాడు. ఆమె తలూపింది. అతను కొట్టు ముందు ఆగిన సుమో ఎక్కుతుంటే, గది పోయిన చోట ఊడ్చుకుందామని ఆమె చీపురు పట్టుకుని లోపలికి వెళ్లింది.

గది పోలేదు. పోయింది మధ్య గోడ. పొయ్యి పొగ తిన్నగా దెంగా మంచం మీదికి పోతోంది. ఇంట్లో ఎక్కడా గడపలు లేవు. వెదురు కర్ర వంటింటి గోడ వెంట, ఆమె మంచం వెంట, కొట్టు దాకా సాగి ఉంది.

జాదింగి చీపురుతోనే బయటికి పరిగెత్తింది. "దెంగా! దిగు!"

"ఏమైందమ్మా?"

"నువ్వెళ్తానంటే ఇల్లు ఒప్పుకోవట్లేదు. దిగు."

బండిలో వాళ్లు ఇంకేమీ అడగలేదు. అతని మూట అందించారు. ఎవరో చెయ్యిచ్చి దించారు.

మరుసటి ఏడు అల్లం తవ్వే రోజుల్లో ఆ దారికి కొత్త డ్రైవరొకడొచ్చాడు. ఎక్కడివాడో, ఊరి సంగతులేవీ ఎరగడు. టీ తాగుతూ, చూరుకు వేలాడుతున్న బుట్టలు చూశాడు.

"బాగున్నాయమ్మా. మాకు చాలా కావాలి. అల్లేది మీ అబ్బాయా? ఉన్నాడా?"

థన్‌పుయీ చేతిలో గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

జాదింగి ఇంకో గ్లాసులోకి టీ వంచింది.

"ఉన్నాడు," అని లోపలికి తిరిగి కేకేసింది.