నీలం గొడుగు గుర్తు

పేరుపాలెం బీచ్‌లో నీళ్లలోకి దిగే ముందు పర్సూ తాళాలూ ఇసుకలో పాతిపెట్టడం మా నరసాపురం వాళ్లకు అలవాటు. పైన చెప్పులు గుర్తు పెడతాం. ఈ ఆస్ట్రేలియా బీచ్‌లోనూ అదే పని చేశాను, కాకపోతే నేనేమో మాస్టర్స్ చదువుతున్నవాణ్ణి కదా, చెప్పులుంటే దొంగకు తెలిసిపోతుందని ఆలోచించాను. పక్కనే ఒక తెల్లవాళ్ల కుటుంబం నీలం గొడుగు వేసుకుని కూర్చుంది. ఆ గొడుగుకు ఎదురుగా సరిగ్గా నాలుగడుగులు కొలిచి కారు తాళం పాతాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ముప్పై ఎనిమిదేళ్ల వయసులో ఉద్యోగం మానేసి, పెళ్లాం పిల్లల్ని వెంటేసుకొచ్చి కాన్‌బెర్రాలో చదువు వెలగబెడుతున్నాను. సముద్రం సముద్రం అని పిల్లలు రెండేళ్లుగా ప్రాణం తీస్తుంటే ఆ శనివారం బయలుదేరాం. కొండ మలుపుల్లో నాలుగేళ్ల డేనీ సరిగ్గా నా యూనివర్సిటీ బ్యాగు మీదే వాంతి చేసుకున్నాడు. బీచ్‌లో చికెన్ పలావు విప్పితే ముద్దముద్దకీ ఇసుకే. అయినా అలలు తగిలి పిల్లలు కేకలు పెడుతుంటే నాకు కడుపు నిండిపోయింది.

కారులో లాప్‌టాప్ ఉంది. ఆఖరి ప్రాజెక్టు రిపోర్టు సాయంత్రం ఐదులోగా పంపాలి, లేకపోతే ఫెయిల్. రెండున్నరకు నీళ్లలోంచి బయటికొచ్చి చూస్తే గొడుగు లేదు. గొడుగువాళ్లు ఇంటికి పోయారు.

"గొడుగు గుర్తేంటండీ? అదేమన్నా లైట్‌హౌసా?" అంది నా భార్య వసంతకుమారి.

మోకాళ్ల మీద పడి తవ్వడం మొదలుపెట్టాను. డేనీ నేను తవ్విన ప్రతి గోతిలోకీ దూకాడు. ఎనిమిదేళ్ల క్లారా నా పక్కనే బోర్లా పడుకుని కాసేపు తవ్వుతుంది, కాసేపు నా వీపు మీద ఇసుక పోసి నవ్వుతుంది. నాకు ఏడుపొస్తుంటే వాళ్లకు పండగ. దారినపోయే ముసలాయన ఒకడు ఎంత మంచి తండ్రివయ్యా అన్నట్టు నాకు బొటనవేలు చూపించి వెళ్లాడు.

నాలుగున్నరైంది. చతికిలబడిపోయాను.

"అయిపోయిందమ్మా. మీ నాన్న ఫెయిలు."

క్లారా మొహం వాడిపోయింది. నిక్కరు జేబులోంచి మెల్లగా తాళం తీసి నా ముందు పెట్టింది.

"ఎప్పుడు దొరికింది?"

"ఫస్ట్‌లోనే."

"మరి ఇవ్వలేదేం?"

"ఇస్తే యు విల్ గో టు ద లాప్‌టాప్, నాన్నా."

కోపం రావాలి. సిగ్గేసింది. ఈ దేశం వచ్చాక నేను వీళ్లతో కలిసి నేల మీద కూర్చున్నది ఇవాళే, అదీ తాళం కోసం.

"పది నిమిషాలమ్మా, పంపేసి వచ్చేస్తా" అని కారు దగ్గరికి పరిగెత్తాను. నాలుగూ యాభై రెండుకి రిపోర్టు వెళ్లింది. ఊపిరి పీల్చుకుని తలెత్తి చూశాను. డేనీ వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని అలల్లో గంతులేస్తున్నాడు. క్లారా మాత్రం సముద్రానికి వీపు పెట్టి, కారు వైపే చూస్తూ కూర్చుంది.